పక్షం బిల్లులో ఒక పూట పాలు: క్రిప్టో వాయిదాల గురించి

ఈ మధ్య ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు వెన్న శాతం గురించి, దాణా సరఫరా గురించి వచ్చే ప్రశ్నలతో పాటు ఒక కొత్త ప్రశ్న కూడా వస్తున్నది. జమ్మలమడుగు వైపు ఒక సంఘంలో సాయంత్రం పాలు పోయవచ్చిన ఒక సభ్యురాలు క్యాను పక్కన పెట్టి, మమ్మల్ని నిలదీసినట్లే అడిగింది: "సార్, మావోడు ఫోన్లో నెలకు ఐదునూర్లు కడతాండాడు. క్రిప్టో అంట. అది చీటీనా, బంగారమా? అడిగితే నీకు తెలీదులేమ్మా అంటాడు."

ఆనాడు మేము సగం సమాధానమే చెప్పగలిగాము. మేము చదివినది సహకార శిక్షణ డిప్లొమా. జమాఖర్చులు, నగదు పుస్తకం నేర్పినారు గాని ఇటువంటి సరుకు అప్పటికి లోకంలో లేదు. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన విషయాలను సభ్యుల ముందుంచుతున్నాము.

అది చీటీ కాదు, బంగారమూ కాదు. దాని మూలం ఒక లెక్కల పుస్తకం. మన సంఘంలో కార్యదర్శి రిజిస్టరు ఒకటి ఉంటుంది, సభ్యుల చేతుల్లో పాస్‌బుక్కులు ఉంటాయి. కార్యదర్శి తన రిజిస్టరులో ఒక అంకె దిద్దితే, పాస్‌బుక్కు ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు ప్రతి సభ్యుని దగ్గరా తన ఒక్కడి లెక్కే కాక సంఘం రిజిస్టరు మొత్తం నకలు ఉన్నదనుకోండి. ప్రతి కొత్త పుట మీద వెనుక పుట గుర్తు వేసి ఉంటుందనుకోండి. అప్పుడు పాత పుట మార్చాలంటే అందరి నకళ్ళూ మార్చవలసి వస్తుంది. బిట్‌కాయిన్ నడిచేది ఈ పద్ధతిలోనే. 2009 జనవరిలో సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో దీన్ని మొదలుపెట్టినారు. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టకుండా కట్టడి ఉంది. ఎకరాన్ని సెంట్లుగా విడగొట్టినట్లు ఒక్కో బిట్‌కాయిన్‌ను 10 కోట్ల సతోషీలుగా విడగొట్టవచ్చు. అందుచేతనే వంద రూపాయలకు కూడా కొద్ది తునక కొనడం సాధ్యమవుతున్నది.

పుస్తకం దిద్దుబాటు లేకుండా ఉండడం వేరు, అందులో రాసిన వస్తువుకు విలువ ఉండడం వేరు. ఈ రెండింటినీ కలిపివేసి చెప్పేవారు చాలామంది ఉన్నారు, జాగ్రత్త. ప్రొద్దుటూరులో నెలనెలా కట్టి కొన్న కమ్మలను చెవులకు పెట్టుకోవచ్చు, అక్కర పడితే కుదువ పెట్టవచ్చు. బర్రె పాలిస్తుంది. ఈ నాణేనికి, ఎదుటివాడు ఇస్తానన్న ధర తప్ప వేరే ఆధారం లేదు.

ఇక చిన్న వాయిదాల సంగతి. దీన్ని వేరుశనగ చెక్కతో లెక్క వేసి చూడండి. ప్రతి నెలా సరిగ్గా 500 రూపాయల చెక్కే కొంటారనుకుందాం. కిలో 50 రూపాయలున్న నెలలో 10 కిలోలు, 40 అయిన నెలలో పన్నెండున్నర, 62 రూపాయల 50 పైసలు అయిన నెలలో 8 కిలోలు వస్తుంది. 1,500 రూపాయలకు ముప్పైన్నర కిలోలు. అంటే కిలో 49 రూపాయల 18 పైసలు పడింది. మూడు నెలల ధరల సగటు మాత్రం 50 రూపాయల 83 పైసలు. ధర తగ్గినప్పుడు అదే డబ్బుకు ఎక్కువ వస్తుంది కనుక ఈ రూపాయిన్నర కలిసివచ్చింది. వాయిదాల మహిమ ఇంతే, ఇంతకు మించి ఏమీ లేదు.

బిట్‌కాయిన్ ధర ఊపు చెక్క ధర కంటే చాలా పెద్దది. 2021 నవంబరులో సుమారు 69,000 డాలర్లు పలికినది, ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల కిందికి దిగింది. శిఖరం మీద ఒకేసారి కొన్నవాడు ఆ ధర మళ్ళీ చూడడానికి 2024 మార్చి వరకు ఆగవలసి వచ్చింది. నెలనెలా కొంచెం కొన్నవానికి ఆ నడుమ చవకగా కూడా దొరికింది. పులివెందుల చీనీ రైతులకు ఇది కొత్త కాదు. ఒక ఏడు టన్ను ధర చూసి మురిసి, మరుసటి ఏడు కోత కూలి గిట్టక బాధపడినవారే. అయితే పడిన ధర తిరిగి లేస్తేనే వాయిదాలు కాపాడుతాయి. 2022 మే మొదట్లో 80 డాలర్లకు పైన ఉన్న లూనా అనే నాణెం, రెండు వారాలు తిరగకుండానే ఒక సెంటు విలువ కూడా చేయకుండా పోయింది. అటువంటిదానికి ఎన్ని వాయిదాలు కట్టినా చచ్చిన గొడ్డుకు దాణా వేసినట్లే.

చట్టం మాట కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు ఆపివేయమన్నది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కనుక కొనడం నేరం కాదు, కాని అది చెలామణీ డబ్బు కూడా కాదు. బ్యాంకు మూతపడితే డిపాజిటుదారునికి 5 లక్షల వరకు బీమా ఉన్నది. దీనికి అటువంటి బీమా లేదు.

పన్ను దగ్గర మన సభ్యులు ఎక్కువగా పొరబడుతున్నారు. "మాకు ఆదాయపు పన్ను పడదు గదా" అంటున్నారు. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభం మీద నేరుగా 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు. ఆదాయం తక్కువన్న మినహాయింపు దీనికి వర్తించదు. అంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. ఒక నాణెంలో 10,000 లాభం, మరొక నాణెంలో 8,000 నష్టం వచ్చిందనుకోండి. చేతికి మిగిలింది 2,000. కాని నష్టాన్ని తీసివేయనివ్వరు. పన్ను 10,000 మీదనే, సెస్సుతో కలిపి 3,120 రూపాయలు. అంటే 2,000 లాభపడినవాడు 1,120 చేతినుండి పెట్టుకుంటాడు. ఇది గాక 2022 జూలై నుండి అమ్మినప్పుడల్లా, నిర్ణీత పరిమితి దాటితే, అమ్మిన మొత్తం మీద 1 శాతం ముందే కోత కోస్తారు. పదిరకాల నాణేలు పదిచోట్ల కొని దినమూ అమ్ముతూ కొంటూ ఉండేవారు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవలెను.

ఇన్ని విన్న తరువాత కూడా మొదలుపెడతామనే యువకులు ఉంటారు. వద్దంటే దాచి చేస్తారు, దానికంటే తెలిసి చేయడం మేలని మా అభిప్రాయం. దాణా బాకీ, సంఘం అప్పు, పశువుల బీమా కట్టిన తరువాత మాట ఇది. పోస్టాఫీసులో నెలకు వంద రూపాయలతో కూడా అయిదేండ్ల రికరింగు డిపాజిట్ తెరవవచ్చు. ముందు అది ఉండాలి. ఆపైన, పక్షానికి ముప్పై పూటలు పాలు పోస్తారు గదా, అందులో ఒక్క పూట పాల డబ్బు దీనికి చాలు. అది మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి ఆరదు. బిల్లు పడిన రోజునే కొనాలి; ధర చూసి ఇంకా పెరుగుతుందని రెండు పూటలది వేయరాదు, పడిందని మానరాదు.

కొనే చోటు మన దేశపు ఆర్థిక నిఘా విభాగంలో నమోదైనదేనా అని చూసుకోవాలి. 2023 మార్చి నుండి ఈ సంస్థలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందకు వచ్చినాయి. మొదటి వాయిదా కట్టిన వారంలోనే కొంత అమ్మి, ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుందో లేదో పరీక్షించండి. పాలు తీసుకునే ముందు మనం లాక్టోమీటరు వేయడం లేదా? ఫోను గ్రూపులలో నెలకు ఇంత ఖాయమని చెప్పేవారిని, మరో ఇద్దరిని చేర్చమనేవారిని దగ్గరకు రానీయవద్దు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలకు రెండు వందల చొప్పున ఒక చీటీ కట్టి, పద్దెనిమిదో నెలలో నిర్వాహకుడు ఐ.పి. పెడితే, మిగతావారితో పాటు అతని ఇంటి అరుగు మీద పొద్దుగూకేదాకా కూర్చున్నవాళ్ళమే. అరుగైనా ఉండింది. ఫోనులో మాట్లాడేవానికి అదీ ఉండదు.

నమోదైన చోటైనా పూర్తి భరోసా లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ సంస్థ నుండి దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దోచుకున్నారు. అక్కడ లావాదేవీలు ఏడాదికి పైగా నిలిచిపోయినాయి. నాణేలను సొంత వాలెట్‌లో దాచుకుంటే 12 లేక 24 ఇంగ్లీషు మాటల వరుస ఒకటి ఇస్తారు. అది ఇతరుల కంటబడితే సొమ్ము వారిదవుతుంది, పోగొట్టుకుంటే ఎవరికీ కాకుండా పోతుంది. కాగితం మీద రాసి, పొలం పత్రాలతో పాటు పెట్టెలో ఉంచి, ఆ కాగితం ఏమిటో ఇంట్లో ఒకరికి చెప్పాలి. జమ్మలమడుగు సభ్యురాలి కొడుకు తన తల్లికి చెప్పవలసింది కూడా ఇదే.

ఇంతవరకు చెప్పినది సభ్యుని సొంత డబ్బు గురించి. సంఘం డబ్బు సంగతి వేరు. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో, పేరు చెప్పము, నగదు పుస్తకంలో ఉన్న నిల్వకు పెట్టెలో 84,000 తక్కువ తేలింది. కార్యదర్శి చెడ్డవాడు కాడు, పదకొండేండ్లుగా ఒక్క అభ్యంతరం లేనివాడు. కొడుకు పది రోజుల్లో తిరిగి ఇస్తానంటే ఇచ్చినాడు. ధర పడింది. భయపడి అమ్మితే 66,000 వచ్చింది. మిగిలిన 18,000 కోసం దూడతో సహా ఒక ఎనుమును అమ్ముకున్నాడు. పక్షం బిల్లు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రోజుల్లో నలుగురు సభ్యులు ప్రైవేటు కేంద్రానికి పాలు పోయడం మొదలుపెట్టినారు, ఇద్దరే తిరిగి వచ్చినారు.

సంఘం నిధులను ఎక్కడ ఉంచవచ్చునో చట్టం, ఉపనిబంధనలు చెబుతున్నవి. క్రిప్టో వాటిలో లేదు. 1964 చట్టం కింద నమోదైన సంఘాలలో ఇటువంటి నష్టాన్ని బాధ్యుల నుండి సర్‌ఛార్జి ద్వారా వసూలు చేసే వీలున్నది. ఈ సంచిక అందిన తరువాత జరిగే పాలకవర్గ సమావేశంలో దీనిని చదివి వినిపించి, బిల్లు సొమ్ము బ్యాంకు నుండి తెచ్చిన నాడే పంచవలెనని, మిగులు నగదును మరుసటి దినమే ఖాతాలో జమ కట్టవలెనని తీర్మానం రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. వచ్చే తనిఖీలో ముందుగా మినిట్స్ పుస్తకమే అడుగుతాము.