మా ఇంట్లో ‘ఏలియన్’ ఎవరు?

ఏప్రిల్ 15 దగ్గరపడుతుండటంతో ట్యాక్స్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడో తరగతి చదివే మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి ‘రెసిడెంట్ ఏలియన్’ అని పైకి చదివింది. ‘‘నాన్నా, నువ్వు వేరే గ్రహం నుంచి వచ్చావా?’’ అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. కాసేపాగి, ‘‘మరి నేను?’’ అని మెల్లగా అడిగింది. ఈసారి నవ్వలేకపోయాను.

నిఘంటువు తెరిచాను. ఈ మాట పుట్టిల్లు లాటిన్. ‘అలియుస్’ అంటే మరొకటి. దాన్నుంచి వచ్చిన ‘అలియేనుస్’ అంటే ఇతరులకు చెందినది. మన భాషలో చెప్పాలంటే ‘పరాయి’. పత్రికల్లో పేర్ల మధ్య కనిపించే ‘అలియాస్’ కూడా దీని చుట్టమే. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అప్పటికి దీని అర్థం విదేశీయుడు, కొత్తవాడు అనే. గ్రహాంతరవాసి అన్న అర్థం 20వ శతాబ్దపు సైన్స్ ఫిక్షన్ చలవ.

భూముల దస్తావేజుల్లో ‘ఏలియనేషన్’ అంటే ఆస్తి ఇతరుల చేతికి పోవడం. ‘పొలం అన్యాక్రాంతం కానివ్వకురా’ అని మా తాతగారు అనేవారు. ఆ ‘అన్య’లో ఉన్నదీ పరాయితనమే.

అమెరికాలో 1940 నాటి ఏలియన్ రిజిస్ట్రేషన్ చట్టం 14 ఏళ్లు నిండిన విదేశీయులంతా పేర్లు నమోదు చేసుకోవాలంది. మన ఇమిగ్రేషన్ కాగితాల్లోని ‘ఏ నంబర్’లో ‘ఏ’ అంటే ఏలియనే. 2021లో ఇమిగ్రేషన్ విభాగాలు దీని బదులు ‘నాన్‌సిటిజన్’ అనాలని తమ సిబ్బందికి చెప్పాయి కానీ, చట్టంలో పాత మాటే ఉండిపోయింది.

ఇదంతా వీలైనంత తేలిగ్గా పాపకు చెప్పాను. ‘‘నాకున్నది గ్రీన్‌కార్డు కాబట్టి ఇక్కడ నేను ఏలియన్‌ని. నువ్వు ఇక్కడే పుట్టావు కాబట్టి సిటిజన్‌వి. కానీ మనం ఇండియా వెళితే, ఓసీఐ కార్డున్నా చట్టం లెక్కలో విదేశీయురాలివి నువ్వే. నేను కాదు.’’

‘‘అంటే ఇక్కడ నువ్వు, అక్కడ నేను’’ అంటూ వేళ్ల మీద లెక్కపెట్టింది. ‘‘మరి ఇంట్లో?’’

‘‘ఇంట్లో ఎవరూ కాదు. అది ప్రభుత్వానికీ మనకూ మధ్య మాట. నీకూ నాకూ మధ్య ఉండేది కాదు.’’

నమ్మిందో లేదో తెలియదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. మీ పిల్లలూ ఏదో ఒక రోజు ఇదే అడుగుతారు. నవ్వి ఊరుకోకండి.