పవర్ రెసిస్టరు వేడి — రైతు తీసికొనవలసిన జాగ్రత్తలు

తడి ధాన్యమును గాలియాడకుండ కుప్ప వేసిన లోలోపల వేడెక్కి చెడునని మీకు తెలియును. మీ బాటరీ చార్జరులోను, విద్యుత్ నియంత్రణ పెట్టెలోను ఇట్టి ప్రమాదమే కలదు.

వీనిని విప్పి చూచినచో పెక్కింటిలో చిన్న ఇటుకవంటి తెల్లని పింగాణీ ముక్క కనబడును. ఇదియే పవర్ రెసిస్టరు. విద్యుత్ ప్రవాహమును హద్దులో నుంచుట దీని పని. ఇందు ఖర్చగు విద్యుత్తంతయు వేడిగా మారును. ఆ వేడి బయటికి పోవు దారి లేనిచో రెసిస్టరు మాడును. సరిగా పైరుకు పురుగు తగిలిన దినముననే స్ప్రేయరు మూలబడును.

వేడిని లెక్కకట్టుట సులభము. ఆంపియర్లను ఆంపియర్లతోనే హెచ్చించి, వచ్చినదానిని ఓములతో హెచ్చించిన వాట్లు తెలియును. 10 ఓముల రెసిస్టరులో అర ఆంపియరు పారినచో 2.5 వాట్లు, ఒక ఆంపియరు పారినచో 10 వాట్లు వేడి పుట్టును. అనగా ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలగును.

ముక్కపై 5 వాట్లని ముద్రించియున్నంత మాత్రమున ఎచ్చటనైనను 5 వాట్లు భరించునని తలపరాదు. ఆ అంకె గాలి బాగుగా ఆడుచోట, తయారీదారు తెలిపిన ఉష్ణోగ్రత వరకే చెల్లును. మే మాసపు ఎండలో మూసిన ఇనుప పెట్టె లోపల దాని శక్తి తగ్గును. కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను.

1. లెక్కకు వచ్చిన వాట్లకు కనీసము రెట్టింపు వాట్ల రెసిస్టరును వాడవలెను.

2. దానిని పలకకు ఆనించక, క్రిందుగా గాలి ఆడునట్లు కొంచెము ఎత్తున అమర్పించవలెను. కెపాసిటర్లను, ప్లాస్టిక్ తీగలను దూరముగా నుంచవలెను.

3. అల్యూమినియం తొడుగు గల రకమును లోహపు పలకకు బిగించినగాని అది పూర్తి వాట్లు భరింపజాలదు.

4. పెట్టెను నీడలో నుంచి, ప్రక్కలయందు అడుగున కొన్ని, పైభాగమున కొన్ని రంధ్రములు చేయించి సన్నని జాలి బిగించవలెను. చల్లగాలి క్రిందినుండి చొచ్చి, వేడిగాలి పైనుండి పోవును. దుమ్మును, సాలెగూళ్ళను అప్పుడప్పుడు తీసివేయవలెను.

రెసిస్టరు క్రింద పలక గోధుమరంగుకు తిరిగినచో అది ముందు హెచ్చరిక. మాడిన ముక్కకు బదులు అన్నే ఓములు గలదానిని, వీలైన ఎక్కువ వాట్లదానిని వేయించవలెను. కాని మాడుటకు కారణమును ముందుగా వెదకవలెను. కరెంటు తీసిన పిమ్మట కూడ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. కావున ఈ పనిని తెలిసిన మెకానిక్కుచేతనే చేయించుడు.