పిల్లల రీల్స్: ఇంట్లో షూటింగ్‌కు ఏ చట్టం వర్తిస్తుంది?

ఏడేళ్ల పాప సినిమాలోనో, టీవీ ప్రకటనలోనో నటించాలంటే నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ఆమెతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి చిత్రీకరణ ఉండరాదు. ఆమె సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయీకృత బ్యాంకులో ఆమె పేరిటే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేజర్ అయ్యాకే ఆ సొమ్ము చేతికి వస్తుంది. ఇవన్నీ బాల కార్మిక చట్టం కింద 2017లో సవరించిన నిబంధనలు.

అదే పాప ఇంటి హాల్లో నిలబడి, అమ్మ పట్టుకున్న ఫోన్ ముందు ఓ తలనూనెను మెచ్చుకుంటూ మాట్లాడితే మాత్రం ఆచరణలో ఇవేవీ కనిపించవు. అనుమతి అడిగేవారు లేరు, గంటలు లెక్కపెట్టేవారు లేరు. డిపాజిట్ ఊసే ఉండదు.

పిల్లలు సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లుగా ఉండవచ్చా అన్న చర్చ తరచూ పెంపకం చుట్టూనే తిరుగుతుంది. అయితే చిక్కు అసలు వేరేచోట ఉంది. ఇక్కడ బిడ్డకు సంరక్షకులు, యజమానులు, ఖజానాదారులు ఒక్కరే.

పనా, ఆటా?

1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదని నిషేధించారు. రెండు మినహాయింపులు ఇచ్చారు. ఒకటి, బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో సాయపడటం. రెండోది, సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల వంటి వాటిలో కళాకారులుగా పాల్గొనడం.

ఇంట్లో తీసే వీడియో ఈ రెండింటి మధ్య పడింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2022 జూన్‌లో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాలు సోషల్ మీడియాను కూడా వినోద రంగ పరిధిలోకి తెచ్చాయి. అయితే బిడ్డ లేదా కుటుంబం సొంతంగా తయారుచేసే వీడియోలను కుటుంబ వృత్తి కింద పరిగణించాలన్నాయి. ఆ లెక్కన రోజుకు 3 గంటల పరిమితి, రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించరాదన్న నిబంధన వర్తించాలి. పడకగది తలుపు వెనుక జరిగే చిత్రీకరణను గడియారం పెట్టి చూసేదెవరు? పైగా 20 శాతం డిపాజిట్ నియమం ఉన్నది కళాకారుల విభాగంలోనే తప్ప కుటుంబ వృత్తి విభాగంలో కాదు.

పొలంలోనో, మగ్గం దగ్గరో పెద్దలకు చేయి సాయం చేసే పిల్లవాడికి సరిపోయే మినహాయింపు ఇది. మగ్గం దగ్గర కూర్చున్న పిల్లవాడి ముఖం లక్షలమంది ఫోన్లలోకి వెళ్లదు.

ఈ సొమ్ము ఎవరిది?

చార్లీ చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' చిత్రంతో ప్రపంచ ప్రసిద్ధుడైన బాల నటుడు జాకీ కూగన్. బాల్యంలో అతను సంపాదించింది 30 నుంచి 40 లక్షల డాలర్లని అంచనా. పెద్దయ్యాక చూసుకుంటే దాదాపు ఏమీ మిగల్లేదు. 1938లో తల్లిపైన, సవతి తండ్రిపైన దావా వేస్తే దక్కింది సుమారు 1,26,000 డాలర్లు. మైనర్ సంపాదన తల్లిదండ్రులకే చెందుతుందన్నది అప్పటి కాలిఫోర్నియా చట్టం. ఈ ఉదంతం తర్వాతే 1939లో అతని పేరిట ప్రసిద్ధమైన చట్టం వచ్చింది.

అదే కథ ఇప్పుడు ఫోన్‌లోకి మారింది. ఫ్రాన్స్ 2020 అక్టోబరులో చేసిన చట్టం ప్రకారం 16 ఏళ్లలోపు పిల్లల వీడియోల ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే, మిగతా సొమ్మును ప్రభుత్వ ఆర్థిక సంస్థలో జమచేయాలి. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం 2024 జులై 1 నుంచి అలాంటి నియమాన్నే అమలు చేస్తోంది. ఆదాయం తెచ్చే వీడియోల్లో 30 శాతం మేర బిడ్డ కనిపిస్తే ఆమె వాటాను ట్రస్టులో ఉంచాలి. లేకుంటే 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులపై దావా వేయవచ్చు. మిన్నెసోటా మరింత ముందుకెళ్లి, 14 ఏళ్లలోపు పిల్లలను ఈ పనిలో పెట్టడాన్నే నిషేధించింది.

చూసేవారెవరు?

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో సొంత ఖాతాకు సాధారణంగా 13 ఏళ్లు నిండాలి. అంతకన్నా చిన్న పిల్లల ఖాతాలను పెద్దలు నడపవచ్చని ఇన్‌స్టాగ్రామ్ అనుమతిస్తోంది. అంటే వయసు నిబంధన ఆపేది బిడ్డ చేతిలోని ఫోన్‌నే, తెరపైకి ఎక్కే ఆమె ముఖాన్ని కాదు.

ఆ ముఖాన్ని ఎవరు చూస్తారన్నది తల్లిదండ్రుల చేతిలో ఉండదు. 2024 జులైలో ఓ తండ్రి, చిన్నారి కూతురు కలిసి ఉన్న వీడియోపై కొందరు యువకులు యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారంలో అసభ్య వ్యాఖ్యలు చేశారు. నటుడు సాయి దుర్గా తేజ్ (సాయి ధరమ్ తేజ్) సోషల్ మీడియాలో ప్రశ్నించడంతో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ స్పందించాయి. ప్రసారం నిర్వహించిన యూట్యూబర్‌ను తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు బెంగళూరులో అరెస్టు చేశారు. ఆ తండ్రి వీడియోలో తప్పేమీ లేదు. ముచ్చటపడి తీసిన దృశ్యం ఎవరి చేతుల్లో ఎలా మారుతుందో ఆ ఘటన చూపింది. మైనర్ల వీడియోల కింద వేటగాళ్ల వ్యాఖ్యలు బయటపడటంతో 2019లోనే యూట్యూబ్ అలాంటి చాలా వీడియోలకు వ్యాఖ్యల సదుపాయాన్ని తొలగించాల్సి వచ్చింది.

పిల్లల ప్రతిభను నలుగురికీ చూపాలనుకోవడం తప్పు కాదు. బడి వార్షికోత్సవంలో పద్యం చెప్పిన పిల్లలు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. చిన్న ఊళ్లో పాడే పాపకు ఫోన్ తెచ్చినంత మంది శ్రోతలను ఏ వేదికా తేలేదు. కానీ వార్షికోత్సవం ఒక్క సాయంత్రంతో ముగుస్తుంది. బ్రాండ్ ఒప్పందం కుదిరాక పాపకు ఆ రోజు పాడాలని లేకపోయినా గడువు ఆగదు. బాల కళాకారుల నిబంధనల్లో మాత్రం ఓ వాక్యం ఉంది: ఇష్టం, సమ్మతి లేకుండా ఏ బిడ్డనూ పాల్గొనేలా చేయరాదు.

సమ్మతి దగ్గరే కొత్త చట్టమూ తడబడుతోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి తప్పనిసరి. సమాచారానికి హక్కుదారు ఎవరన్న నిర్వచనంలో, బిడ్డ విషయంలో తల్లిదండ్రులనూ చేర్చారు. వీడియో పెట్టిందీ వారే, సమ్మతి ఇచ్చేదీ వారే అయినప్పుడు బిడ్డ తరఫున అభ్యంతరం చెప్పేవారు మిగలరు. ఫ్రాన్స్ చట్టంలో ఇందుకో దారి ఉంది. తన వీడియో తీసేయమని బిడ్డే నేరుగా ఆ వేదికను కోరవచ్చు, అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదు.