కొండ కడుపులో ఏముంది?

పొయ్యి మీద ఎసరు పెడతాం. మూత వేస్తాం. మూత తియ్యకుండానే ఎసరు కాగిందని మనకు తెలిసిపోతుంది. ఎట్లా? మూత టకటకా కొట్టుకుంటుంది. సందులోంచి ఆవిరి వస్తుంది. లోపల బుడబుడమని చప్పుడవుతుంది.

మూత తీసి చూడడానికి వీల్లేని కుండ ఒకటుంది. అదే అగ్నిపర్వతం.

అగ్నిపర్వతం అంటే నిప్పులు కక్కే కొండ. దాని కింద చాలా లోతున రాయి కరిగి ఉంటుంది. కరిగిన ఆ రాతిని మాగ్మా అంటారు. బయటికి వచ్చి పారితే లావా అంటారు. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలు. మాగ్మా వేడి 700 నుంచి 1,200 డిగ్రీల దాకా ఉంటుంది. మన ఆదిలాబాద్ వైపు నల్లరేగడి చూశారు కదా! 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పారిన లావా రాయిగా మారింది. ఆ రాయి అరిగి అరిగి ఆ మట్టి అయింది. ఇప్పుడు అక్కడ భయమేమీ లేదు.

మరి బోరు వేసి లోపల చూడొచ్చు కదా అంటారేమో. రష్యాలో కోలా అనే చోట 1970లో ఒక బోరు మొదలుపెట్టారు. జానెడు వెడల్పు బోరు. 20 ఏళ్ల పాటు తవ్వితే 12 కిలోమీటర్లు దిగింది. అక్కడ వేడి 180 డిగ్రీలు. ఇక ముందుకు పోలేక ఆపేశారు. అది మామూలు నేల. నిప్పుల కొండ కింద ఇంకెట్లా ఉంటుందో చెప్పాలా!

అందుకే శాస్త్రవేత్తలు కూడా మనం ఎసరు కనిపెట్టినట్టే కనిపెడతారు. 1991లో ఒక కొండ దగ్గర ఆ పని ఎట్లా చేశారో చూద్దాం.

ఫిలిప్పీన్స్ దీవుల దేశం. అక్కడ లూజాన్ అనే పెద్ద దీవిలో పినటుబో అనే కొండ ఉంది. నిండా అడవి. ఆయిటా అనే కొండజాతి వాళ్లు అక్కడ పోడు కొట్టుకుని, వేటాడుకుని బతికేవాళ్లు. సుమారు 500 ఏళ్లుగా కొండ నిద్రపోతోంది. అది అగ్నిపర్వతమన్న సంగతే చాలామందికి తెలియదు.

1991 ఏప్రిల్ 2న కొండ పక్కన నేల పగిలి ఆవిరి తన్నుకొచ్చింది. చెట్ల మీద బూడిద పడింది. ఆ సంగతి ముందు చెప్పింది ఏ యంత్రమూ కాదు. కొండ మీది జనమే. అక్కడ పనిచేసే ఒక క్రైస్తవ సన్యాసిని వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి సర్కారు శాస్త్రవేత్తలకు చెప్పింది.

శాస్త్రవేత్తలు వచ్చారు. తరవాత అమెరికా నుంచి కూడా కొందరు వచ్చి కలిశారు. కొండ చుట్టూ భూకంపాలను పట్టే యంత్రాలు పెట్టారు. మంత్రసాని కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ కదలిక చెబుతుంది చూడండి, ఇదీ అట్లాంటిదే. మాగ్మా పైకి రావాలంటే రాతిని చీల్చుకోవాలి. చీలినప్పుడల్లా నేల కొంచెం అదురుతుంది. మన కాళ్లకు తెలియని అదురు కూడా యంత్రానికి తెలుస్తుంది.

ఆ అదురు ఎంత దూరం నుంచి వచ్చిందో ఎట్లా తెలుస్తుంది? వానాకాలంలో మెరుపు ముందు కనిపిస్తుంది. ఉరుము తరవాత వినిపిస్తుంది. మధ్యలో ఎడం ఎక్కువుంటే పిడుగు దూరంగా పడిందంటాం. భూకంపంలోనూ రెండు రకాల అలలు ఉంటాయి. ఒకటి ముందు వస్తుంది. ఇంకొకటి వెనక వస్తుంది. ఎడం చూసి దూరం లెక్కగడతారు. నాలుగైదు యంత్రాల లెక్కలు కలిపితే, అదురు పుట్టిన చోటూ లోతూ దొరుకుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. గట్టి గట్టు మీద మనం గబగబా నడుస్తాం. నాట్లు వేసే మడిలో అడుగు తీసి అడుగు వెయ్యడమే కష్టం. అలలూ అంతే. గట్టి రాతిలో వడిగా పోతాయి. వేడికి మెత్తబడిన రాతిలో నెమ్మదిస్తాయి. పినటుబో కింద 6 నుంచి 11 కిలోమీటర్ల లోతున అట్లా నెమ్మదించాయి. మాగ్మా అక్కడే ఉందన్న మాట.

మాగ్మా అంటే చెరువులో నీళ్లలా ఉంటుందని మనం అనుకుంటాం. చాలా చోట్ల అట్లా ఉండదట. గంజి వార్చని అన్నంలా ఉంటుందట. గింజలే ఎక్కువ, గంజి తక్కువ.

ఇక వాసన సంగతి. గోలీసోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది కదా! అంతకుముందు ఆ గాలి కనిపించకుండా నీళ్లలో కలిసే ఉంటుంది. మాగ్మాలో కూడా అట్లాగే వాయువులు కలిసి ఉంటాయి. పైకి వచ్చే కొద్దీ విడిపోయి పొగలో బయటపడతాయి. వాటిలో ఒకటి గంధకం వాయువు. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. శాస్త్రవేత్తలు విమానంలో పొగ కిందుగా ఎగిరి ఆ వాయువును కొలిచారు. మే 13న రోజుకు 500 టన్నులు వచ్చింది. మే 28కి అది 5,000 టన్నులు దాటింది. అంటే మాగ్మా పైకి వస్తోంది.

తరవాత వారం రోజుల్లో అది 300 టన్నుల లోపుకు పడిపోయింది. కొండ చల్లబడిందని సంతోషించాలా? శాస్త్రవేత్తలు ఇంకా భయపడ్డారు. దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమో! ఆవిరి వచ్చే సందు మూసుకుపోతే కుక్కర్ ఏమవుతుందో మీకు తెలుసు. ఆ రోజుల్లోనే సుమారు 30 కిలోమీటర్ల లోతున కూడా మెల్లని వణుకులు పుట్టాయి. అడుగు నుంచి కొత్త మాగ్మా వస్తోందని వాటికి అర్థం.

ఇక్కడే అసలు చిక్కు. ఊళ్లు ఖాళీ చెయ్యమంటే పంట పోతుంది. గొడ్డూ గోదా ఏమవుతాయి? అందరూ వెళ్లాక కొండ పేలకపోతే? ఇంకోసారి చెప్తే ఎవరు నమ్ముతారు? పేలుడు ఏ రోజో యంత్రాలు చెప్పవు. చాలామంది నమ్మలేదు కూడా. అప్పుడు వేరే అగ్నిపర్వతాలు ఊళ్లను ఎట్లా ముంచాయో సినిమా తీసినది తెచ్చి చూపించారు. కళ్లతో చూశాక జనం కదిలారు. ముందు కొండకు 10 కిలోమీటర్ల లోపు వాళ్లను, తరవాత 20, ఆ తరవాత 30 కిలోమీటర్ల లోపు వాళ్లను పంపించారు. వేలాది కుటుంబాలు మూటలు కట్టుకుని వెళ్లాయి.

జూన్ 15న కొండ పేలింది. బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. పట్టపగలే చీకటి పడింది. ఆ రోజే తుఫాను కూడా వచ్చింది. వానకు తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలాయి. ఎక్కువమంది చనిపోయింది అట్లాగే. నిప్పుకన్నా తడి బూడిదే ఎక్కువ ప్రాణాలు తీసింది. తరవాత శిబిరాల్లో తట్టు సోకి ఆయిటా పిల్లలు ఎందరో పోయారు. మొత్తం మీద 800 మందికి పైగా చనిపోయారు. కొండ నుంచి తప్పించుకున్న పిల్లలు జబ్బుతో పోవడం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ముందే ఖాళీ చేయించడం వల్ల కనీసం 5,000 మంది బతికారని శాస్త్రవేత్తల లెక్క.

పేలుడు తరవాత కూడా శాస్త్రవేత్తలు పని ఆపలేదు. కొండ కక్కిన రాళ్లను ఏరుకొచ్చారు. పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. అట్లాంటి రాళ్లలో చిన్న చిన్న పలుకులు ఉంటాయి. చెట్టు మానులో ఏటికో వలయం ఉన్నట్టు, ఆ పలుకుల్లోనూ పొరలుంటాయి. మాగ్మాలో వేడి మారినప్పుడో, కొత్త సరుకు కలిసినప్పుడో పొర మారుతుంది. పినటుబో రాళ్లలో రెండు రకాల మాగ్మా కలిసిన గుర్తులు దొరికాయి. చల్లబడుతున్న పాత మాగ్మాలోకి అడుగు నుంచి బాగా వేడి మాగ్మా వచ్చి చేరింది. చల్లారిన కూరలో సలసల కాగే పులుసు పోసినట్టు. కొండను లేపింది అదేనంటారు. లోతున పుట్టిన ఆ మెల్లని వణుకులకూ, ఈ రాళ్లకూ లెక్క సరిపోయింది.

ఆ పేలుడుకు పినటుబో శిఖరం కుంగిపోయింది. 1,745 మీటర్ల కొండ ఇప్పుడు 1,486 మీటర్లే ఉంది. నడుమ పడిన గుంటలో వాననీళ్లు నిండి సరస్సు అయింది. చూడడానికి జనం వెళ్తుంటారు. కింద యంత్రాలు మాత్రం రాత్రీ పగలూ వింటూనే ఉన్నాయి.