చూపులేనివారు సెల్‌ఫోను నెన్నుకొనుట



నాతోడ కావ్యములు చదివిన మిత్రుడొకడు నీటికాసుల వ్యాధిచే అయిదేండ్ల క్రిందట రెండు కన్నుల చూపును గోలుపోయెను. నెలనెల పింఛను పైకము బ్యాంకులో జమయైనట్లు అతని ఫోనునకు వార్త వచ్చును. దానిని చదివి చెప్పుటకు వీధి మొగమున అంగడి నడుపు కుఱ్ఱవాడు కావలసివచ్చెను. కొన్నాళ్లకు రహస్యసంఖ్యను గూడ వానికే చెప్పక తప్పినది కాదు. ఆ బాలుడు మంచివాడే. అయినను మిత్రుడు నాతో నిట్లనెను: "పైకము పోయినదని కాదోయి, పోయినను నాకు తెలియదు గదా! అదియే నా బాధ."

అతని కుమారుడు ప్రేమతో కొని పంపిన ఫోను వెలగలదే. కాని యది నున్నని అద్దపుపలక. వ్రేలు పెట్టినచో ఏమి తగిలినదో తెలియదు. ఆ పలకలోనే మాటలాడు శక్తి నిద్రించుచున్నదని యింటిలో నెవ్వరును ఎఱుగరు. కావున క్రొత్త ఫోనునకై పరుగిడక, ఉన్న ఫోనును మొదట పరీక్షింపవలయునని నా మనవి.

తెరమీది యక్షరములను చదివి వినిపించు ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోనులలో టాక్‌బ్యాక్ అనియు, ఐఫోనులలో వాయిస్‌ఓవర్ అనియు పిలువబడుచున్నది. రెండును 2009వ సంవత్సరముననే ప్రజలకు లభించినవి. అంతకు ముందు మీటల నోకియా ఫోనులలో చదువు సాధనములు లేకపోలేదు. వానిని తఱచుగా వేఱుగ వెలయిచ్చి కొనవలసియుండెడిది. నేడు ఐఫోనులన్నిటను, ఆండ్రాయిడ్ ఫోనులలో పెక్కింటను, ఇవి వెల లేకయే లభించును. అమరికలలో ప్రవేశించి మేలుకొలుపుటయే తరువాయి.

ఇచ్చట నొక చిక్కు కలదు. మనము ముట్టినంతనే ఫోను పనిచేయుట మనకు వాడుక. ఈ చదువరి మేల్కొన్న తరువాత ముట్టినది పేరు మాత్రమే చెప్పును. పిదప వడిగా రెండుమాఱులు తట్టిననే పని జరుగును. వ్రేలితో కుడివైపునకు తుడిచినచో తరువాతి మాటను, ఎడమవైపునకు తుడిచినచో వెనుకటి మాటను వినిపించును. పుట జరుపుటకు టాక్‌బ్యాక్‌లో రెండు వ్రేళ్లు, వాయిస్‌ఓవర్‌లో మూడు వ్రేళ్లు కావలయును. చూపుగల మనుమడు ఈ భేదము నెఱుగక, "తాతయ్య ఫోను చెడిపోయిన"దని తలంచి దానిని ఆపివేయును. తాతగారు మఱల చీకటిలో బడుదురు. నా మిత్రుని యింట ఇట్లే రెండు పర్యాయములు జరిగినది. ఆండ్రాయిడ్‌లో శబ్దమును హెచ్చించు మీటను తగ్గించు మీటను కలిపి కొన్ని క్షణములు అదిమిపట్టినచో చదువరి లేచునట్లును, ఐఫోనులో ప్రక్కమీటను మూడుమాఱులు నొక్కినచో లేచునట్లును ముందుగానే అమర్చుకొనవచ్చును. అంధుడు తన చేతితో తానే దీనిని మేలుకొలుపగలుగుట ముఖ్యము.

ఇక గొంతు సంగతి. చదువు సాధనము వేఱు, పలికెడి గొంతు వేఱు. ఆ గొంతునకు తెలుగు రానిచో తెలుగు వార్తను మ్రింగివేసి నడుమనున్న అంకెలనో ఇంగ్లీషు ముక్కలనో చదివి ఊరకుండును. గూగుల్ వారి గొంతులలో తెలుగు కలదు. ఈస్పీక్ అను ఉచితమైన గొంతు కూడ కలదు. అది యంత్రమువలె పలుకును గాని మిక్కిలి వేగముగా పలికించినను స్పష్టత చెడదని కొందఱు దానినే కోరుకొందురు. ఒత్తులు పలుకు తీరు నాకు రుచింపలేదు. మిత్రుడు మాత్రము, "నాకు వ్యాకరణము వలదు, వార్త కావలె"నని నా నోరు మూయించెను.

క్రొత్తది కొనవలసినచో మొదట అవసరము తెలిసికొనుడు. పిలుపులు మాత్రమే చాలునన్నవారికి మీటల ఫోను మేలు. 5వ అంకెపై చిన్న బొడిపె యుండును. దానిని తడవి మిగిలిన అంకెలను పట్టుకొనవచ్చును. విద్యుత్తు కొన్ని దినములు నిలుచును. కాని అంగడిలో "మాటలాడు ఫోను" అని యమ్మునవి కొన్ని నొక్కిన అంకెను మాత్రమే పలుకును. వచ్చిన వార్తను గాని, పిలుచువారి పేరును గాని చదువవు. అచ్చటనే ఒక వార్త పంపించి, "దీనిని చదివింపు"డని యడుగుడు. అంగడివాని మాటతో తృప్తి పడకుడు.

వార్తలు, బ్యాంకు పనులు కావలయునన్నచో అద్దపు ఫోనే శరణ్యము. ఐఫోనులో చదువరి అన్నిటను ఒకే తీరున నడచును, వెల హెచ్చు. ఆండ్రాయిడ్‌లు తక్కువ వెలకే దొరకును గాని తయారుచేయువారు తలయొక తీరున మార్చి యమ్ముదురు. మిక్కిలి చౌకవాని జ్ఞాపకశక్తి కొంచెము. చదువరి యెల్లప్పుడు ప్రక్కన పనిచేయుచుండును గావున వ్రేలు ముందు పోవును, మాట వెనుక బడును. అంగడిలో మీరు కన్నులు మూసికొని ఇంటికి ఫోను చేసి చూచినచో ఈ లోపము నిమిషములో బయటపడును. అంతకంటె ఆ చూపులేనివారినే వెంటబెట్టుకొని పోవుట ఉత్తమము. వ్రేలిముద్ర గ్రహించుచోటు తడవి చూచినచో తెలియునట్టిదిగా నుండవలెను. చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోను తప్పనిసరి; లేనిచో బ్యాంకువారు పంపిన రహస్యసంఖ్యను బస్సులోనివారందఱును విందురు. తెరను చీకటి చేసి ఫోను వాడుకొను సదుపాయమును గలదు.

బ్యాంకువారి సాధనమును గూడ పరీక్షింపవలెను. చేసినవారు పేరు పెట్టని మీటల వద్ద చదువరి "బటన్, బటన్" అని మాత్రమే పలుకును. చూపులేనివారికి ఈ డిజిటల్ సేవలు అందుబాటులో నుండుట రాజ్యాంగము 21వ అధికరణముచే నిచ్చిన జీవనహక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పినది. గుర్తింపు తనిఖీకై కన్నులార్పుమని అంధులను నిర్బంధించుట వంటి కష్టములే ఆ వ్యాజ్యమునకు మూలము. కావున మీ బ్యాంకులో అడుగుటకు సంకోచింపకుడు. నోట్ల విలువను గుర్తించి చెప్పు "మణి" యను సాధనమును రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసినది. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు.

మనము పంపు శుభలేఖలను గుఱించి యొక మాట. బొమ్మగా పంపిన పత్రికలోని యక్షరములను చదువరి తఱచుగా నక్షరములుగా గ్రహింపలేదు. పెండ్లి తిథియు ముహూర్తమును క్రింద మామూలు అక్షరములతో వ్రాసి పంపుడు.

నేర్చుకొనుటకు తొందర వలదు. మొదటి వారము తట్టుట, తుడుచుట. పిదప గడియారము చూచుట, ఇంటివారిని పిలుచుట. ఆ తరువాతనే వార్తలు. దినమునకు అరగంట చాలును. నా మిత్రునికి మూడు వారములు పట్టినది. మొన్నటి నెల పింఛను వార్తను ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకొని తానే వినెను. ఎంత వచ్చినదో నాకు చెప్పలేదు, నేనును అడుగలేదు.