శ్రీశైలం పంచాయితీ: ఒక గీత మీద తెగనిది రెండు గీతల మీద తెగుతుందా?

గండికోట నిండితేనే జమ్మలమడుగు, పులివెందుల రైతులకు ధైర్యం. ఆ నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గాలేరు-నగరి కాలువ మీదుగా రావాలి. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువకు తుంగభద్ర ఆధారం. అది ముఖం చాటేస్తే వాళ్ల చూపు కూడా శ్రీశైలం మీదికే పోతుంది.

దేశాల మధ్య తగాదాలను పరిశీలించేవాళ్లు స్పేషియల్ మోడల్ అనే పద్ధతి వాడతారు. పేరు పెద్దదే గానీ విషయం తేలిక. ఒక గీత గీసి, ఎవరికి ఏం కావాలో దాని మీద చుక్క పెడతారు. ఒప్పందం తన చుక్కకు ఎంత దగ్గరగా వస్తే ఆ పక్షానికి అంత ఇష్టం. మాటలు తెగిపోతే మిగిలే పరిస్థితికీ ఒక చుక్క ఉంటుంది. దానికన్నా మేలు కాని రాజీకి ఎవరూ సంతకం పెట్టరు.

మన కృష్ణా గొడవనే చూద్దాం. బచావత్ ట్రిబ్యునల్ లెక్కన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు. 2015 తాత్కాలిక ఏర్పాటులో ఏపీకి 512, తెలంగాణకు 299 వచ్చాయి. తెలంగాణ ఇంతకన్నా పెద్ద వాటా అడుగుతోంది. ఈ గీత మీద ఒకరికి పెరిగిన ప్రతి టీఎంసీ ఇంకొకరికి కోతే. పాత ఏర్పాటు నడిచినన్నాళ్లూ ఏపీకి కదలాల్సిన పనే లేదు.

ఇప్పుడు రెండో గీత గీయాలి, అది నీటిమట్టం. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 881 దగ్గర ఉంటేనే పోతిరెడ్డిపాడుకు 44 వేల క్యూసెక్కులు పారతాయని, 854కు దిగితే 7 వేలేనని ఏపీ ప్రభుత్వ వాదన. అంటే కాగితం మీద 512 ఉన్నా, మట్టం పడిపోతే సీమకు చేరేది కొంచెమే. ఎడమగట్టు కరెంటు కేంద్రం తెలంగాణ చేతిలో ఉంది. అక్కడి ఉత్పత్తి మీదే 2021లో ఏపీ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

సీమకు మట్టం ప్రాణం, తెలంగాణకు వాటా, కరెంటు ముఖ్యం. కావాల్సినవి వేరైనచోటే బేరానికి సందు దొరుకుతుంది. కరెంటుకు బదులు కరెంటు ఇచ్చి మట్టం నిలుపుకోవచ్చు. మట్టం నిలిపితే పోతిరెడ్డిపాడు అంతా లాగేస్తుందన్న తెలంగాణ భయానికి, లాగే నీటికి హద్దు పెట్టాలి. చుక్కలు తప్పుగా పెడితే మాత్రం ఈ లెక్కంతా గాలికే.

1978 క్యాంప్ డేవిడ్‌లో జరిగింది ఇలాంటిదే. సినాయ్‌ను ఎక్కడ విడదీసినా ఈజిప్టు, ఇజ్రాయెల్ ఇద్దరికీ నచ్చదు. ఈజిప్టుకు భూమి మీద హక్కు, ఇజ్రాయెల్‌కు భద్రత కావాలి. భూమి ఈజిప్టుకు తిరిగి ఇచ్చి, అక్కడ సైన్యానికి పరిమితులు పెట్టారు. కానీ ఫలస్తీనీయులు ఆ బల్ల దగ్గర లేరు. వాళ్ల చుక్క వేరేవాళ్లు పెట్టారు.

సీమ ఇబ్బంది కూడా కొంత అదే. ఏపీ అంటే ఒక్క చుక్క కాదు. డెల్టాకు శ్రీశైలం నీళ్లు కిందికి దిగాలి, సీమకు పైన నిలవాలి. 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకు ప్రాధాన్యం రాసుకున్నారు. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు డెల్టాకు రావడం మొదలయ్యాక ఈ ఇంటి దూరం కాస్త తగ్గింది. రాష్ట్ర ప్రతినిధులు ఢిల్లీ బండెక్కే ముందే, ఇంట్లో జరిగే ఆ బేరంలో 854 అడుగుల మాట ఎవరు ఎత్తుతున్నారో ఈ మూడు ఊళ్లవాళ్లు తమ ఎమ్మెల్యేలను అడగొచ్చు.