కన్ను కట్టమని చెప్పే జన్యువు

ఈగ కాలి మీద కన్ను మొలిచింది. రెక్క మీదా మొలిచింది, మీసం మీదా మొలిచింది. 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గెరింగ్ బృందం ఒకే ఒక్క జన్యువును పండు ఈగలో ఉండకూడని చోట పనిచేయించి ఇది సాధించింది. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. ఈగ జన్యువుకు బదులు ఎలుక జన్యువు పెట్టినా కన్ను వచ్చింది. అయితే వచ్చింది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే.

హైటెక్ సిటీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పిలిచే ఫంక్షన్ ఒకటే, నడిచే లైబ్రరీ మాత్రం ఎక్కడిదక్కడే.

ఆ జన్యువుకు మనలో పేరు పాక్స్6. ఉండేది 11వ క్రోమోజోమ్ పొట్టి చేతి మీద. 1991లో దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్‌లో 422 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మనిషిలోనూ ఎలుకలోనూ ఆ వరుసలో ఒక్కటీ తేడా లేదు. ఈ ప్రోటీన్ తానుగా ఏ కణజాలాన్నీ కట్టదు. డీఎన్ఏను పట్టుకుని మిగతా జన్యువుల్లో కొన్నింటిని నడిపిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది. ఇలాంటి ప్రోటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. గర్భంలో నాలుగో వారానికల్లా కన్ను కట్టే పని మొదలైపోతుంది. మెదడు, క్లోమం ఏర్పడటంలోనూ పాక్స్6కు పాత్ర ఉంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మనకు ప్రతి జన్యువూ దాదాపు జంటగానే వస్తుంది. ఒకటి చెడితే రెండోది నెట్టుకొచ్చే జన్యువులు బోలెడు. పాక్స్6 అలా కాదు, దీనికి మోతాదే ముఖ్యం. ఒక ప్రతి చెడితే అనిరిడియా వస్తుంది. కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ సరిగా ఏర్పడదు, వెలుతురు భరించలేరు, చూపు మందగిస్తుంది. 40 వేల నుంచి లక్ష మందిలో ఒకరికి ఇది ఉంటుంది. ఎక్కువైనా ప్రమాదమే: అదనపు ప్రతులు పెట్టిన ఎలుకల్లో కళ్లు వికృతంగా పెరిగాయి.

మన బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కథలోకి వచ్చేది ఇక్కడే. అనిరిడియాలో నష్టం ఐరిస్‌తో ఆగదు, కంటి ముందుండే పారదర్శక పొరను, అంటే కార్నియాను, నిత్యం కొత్తగా ఉంచే మూలకణాలు కూడా క్రమంగా తగ్గిపోతాయి. రసాయనం పడి ఒక కన్ను కాలినవాళ్లకు, బాగున్న రెండో కంటి నుంచి ఆ మూలకణాలున్న చిన్న ముక్క తీసి అతికించే శస్త్రచికిత్సను ఈ సంస్థ వైద్యులు 2012లో ప్రచురించారు. అనిరిడియాలో జబ్బు రెండు కళ్లదీ. ముక్క ఎక్కణ్నుంచి తీస్తారు?

ఇదే సంస్థలో ఇందుమతి మరియప్పన్ బృందం ఇంకో దారి పట్టింది. పెద్దవాళ్ల కణాలను పిండదశలోని కణాల్లా మార్చి, వాటి నుంచి పాత్రలో చిట్టి కార్నియాలు పెంచింది. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కణాల గుంపు కంటి దారి పట్టిందని తెలిపే గుర్తుల్లో పాక్స్6 ఒకటి. ఈగలో బలవంతంగా చేయించిన పనిని, ఇక్కడ కణాలు వరసక్రమంలో తమంతట తామే చేసుకున్నాయి. నా దృష్టిలో గెరింగ్ ప్రయోగం కన్నా ఇదే గొప్ప.

ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. అనిరిడియా రోగి సొంత కణాలతో కార్నియా పెంచితే, అందులోనూ ఆ చెడిన ప్రతే ఉంటుంది. జన్యువును ముందు సరిచేయాలి, లేదా వేరొకరి కణాలు వాడాలి.

పాక్స్6కు పక్కనే డబ్ల్యూటీ1 అనే మరో జన్యువు ఉంది. క్రోమోజోమ్ ముక్క తెగి రెండూ పోతే, పసివయసులోనే మూత్రపిండాల్లో విల్మ్స్ కణితి రావచ్చు. అందుకని పసిబిడ్డ కంటిపాప అసాధారణంగా పెద్దదిగా కనిపించినా, వెలుతురుకు కళ్లు మూసుకుంటున్నా కంటి వైద్యుడికి చూపించండి. అనిరిడియా అని తేలితే, ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా సరే, జన్యు పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా బిడ్డ కడుపు స్కానింగ్ విషయంలో వాయిదాలు వేయకండి.